మౌనం పాటించిన సభ

కూర్మారావు గారికి ఒక అలవాటుంది. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. సైకిలు తలకిందులుగా నిలబెట్టి, చైనుకి నూనె వేస్తూ, చక్రం తిప్పుతూ కూర్చుంటారు. ఆ చక్రం ఆగేలోపు అడిగినవాడికే విసుగొచ్చి లేచిపోతే, అది అడగాల్సిన ప్రశ్న కాదని ఆయన లెక్క.

ఎరగనివాళ్ళ కోసం ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒకప్పుడు ఇచ్ఛాపురంలో ఎక్కితే తడ దాకా సైకిలు మీదే బతికిన మనిషి. అయితే పేరొచ్చింది తొక్కినందుకు కాదు, తొక్కి వచ్చి సభల్లో మాట్లాడినందుకు. "అలుపు కాళ్ళకి రాదు, మనసుకొస్తుంది" అని మైకులో అన్నారంటే హాలు దద్దరిల్లేది. కాలేజీల్లో మాట్లాడించారు, బ్యాంకులో మాట్లాడించారు, ఆఖరికి ఒక పెళ్ళిలో కూడా మాట్లాడించారు. కప్పించుకున్న శాలువాలకి అంతులేదు. మా ఇంట్లో కుట్టుమిషను మీద దుమ్ము పడకుండా కప్పింది వాటిలో ఒకటే. నేను ఆయన వెనకాల జీపులో అరటిపళ్ళూ మంచినీళ్ళూ వేసుకుని తిరిగినవాణ్ణి కనక ఇంత ధైర్యంగా చెబుతున్నాను. ఇప్పుడాయన సభలకి వెళ్ళరు. ఎందుకు మానేశారంటే గొంతు బాగోలేదంటారు. చేపలమ్మే ఆవిడతో బేరమాడేటప్పుడు మాత్రం ఆ గొంతు వీధి చివరికి వినిపిస్తుంది.

ఆయన మానేశాక ఆ శాలువాలన్నీ దాలినాయుడి భుజాల మీదికి వచ్చాయి. శిష్యుల్లోకల్లా గట్టివాడు. "నిద్ర ఒక అలవాటు, మానుకోవచ్చు" అనేది వాడి మాట. కుర్రాళ్ళు దాన్ని చొక్కాల మీద అచ్చు వేయించుకుని తిరుగుతున్నారు. అలాంటి దాలినాయుడు మొన్న ఆదివారం సాయంత్రం గురువుగారింటికి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే విజయనగరం నుంచి మళ్ళీ సైకిలెక్కాలి. దారి పొడుగునా సభలు. అరుగు మీద కూర్చున్నాడు గానీ గోడకి చేరబడలేదు. చేరబడితే కన్ను మూతపడుతుందని వాడి భయం. కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

"గురువుగారూ, రాత్రి రణస్థలం దగ్గర లారీ హారను వినబడి కళ్ళు తెరిచాను. అప్పటిదాకా మూసుకుని ఉన్నట్టే నాకు తెలీదు. లారీవాడు బండి పక్కకి తిప్పాడు కాబట్టి సరిపోయింది. ఇంట్లో చెప్పలేదు" అన్నాడు. కళ్ళు నులుముకుని, "పదిమందికీ చెప్పిన మాట మనవల్లే కానప్పుడు ఏం చెయ్యాలండీ?" అని అడిగాడు.

చక్రం తిరిగి తిరిగి ఆగింది. వాడు లేవలేదు. ఆయన మళ్ళీ తిప్పలేదు.

"నా ఆఖరి సభ సంగతి వీడికి చెప్పవయ్యా" అన్నారు నాతో. "నాకు సగమే తెలుసు."

నాకంతకంటే ఏం కావాలి. చెప్పాను. అదొక కాలేజీ. ఆయన ఘాటు రోడ్డంతా తొక్కి వచ్చి, ముఖం కడుక్కుని తిన్నగా వేదికెక్కారు. మంచి ఊపు మీద మాట్లాడుతూ, "అసలు అలుపంటే ఏమిటి?" అని అడిగి ఆగారు. మైకు కర్ర రెండు చేతులా పట్టుకుని, తల వంచి, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయారు. జనం జవాబు కోసం చూశారు. జవాబు రాదు. ముందు వరసలో ఉన్న ప్రిన్సిపాలు గారికి, ఎవరో పెద్దమనిషి పోయినందుకు ఈయన మౌనం పాటిస్తున్నారని తోచింది. మెల్లిగా లేచి నిలబడ్డారు. ఆయన లేచాక లెక్చరర్లు కూర్చుంటారా, వాళ్ళు లేచాక పిల్లలు కూర్చుంటారా. హాలు మొత్తం చేతులు కట్టుకుని, తలలు దించుకుని నిలబడింది. నా పక్కాయన చెవిలో "ఎవరండీ పోయింది?" అంటే, "బాగా కావలసినవాళ్ళే అయ్యుంటారు" అన్నాను. నేనూ నిలబడే ఉన్నాను మరి.

అంతలో ఈయనకి మెలకువొచ్చింది. చూస్తే ఎదురుగా అందరూ సంతాపంలో ఉన్నారు. కంగారుపడి, "ఎవరు పోయారు?" అని మైకులోనే అడిగారు.

"మీరు చెబుతారనే చూస్తున్నామండీ" అన్నారు ప్రిన్సిపాలు గారు, ఎంతో వినయంగా.

దాలినాయుడు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆవలింత అయిపోయింది. నేనైతే ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతాను. గురువుగారు మాత్రం చేతికంటిన నూనె గుడ్డతో తుడుచుకుంటూ ఉన్నారు.

"అయితే రేపు బయల్దేరమంటారా, వద్దంటారా?" అన్నాడు వాడు. "అక్కడ పందిరి వేసేశారండీ. పిల్లలు చూస్తుంటారు."

ఆయన లేచి లోపలికి వెళ్ళి, చాపా తలగడా తెచ్చి, వాడి పక్కనే అరుగు మీద పరిచారు.

"ఆ రోజు నాకోసం అంతమంది లేచి నిలబడ్డారు నాయుడూ" అన్నారు. "పడుకోమని ఒక్కడూ అనలేదు."