పైడితల్లి బార

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా ఏదో ఒక పని తగిలించడం పరాంకుశంగారి అలవాటు. అందుకే ఆయన ఆశ్రమంలో ప్రశ్నలు తక్కువ.

ఒకనాడు శిష్యుడు నరహరి ధైర్యం చేశాడు. "గురువుగారూ, గర్వమంతా వదులుకోవలసిందేనా? ఉంచుకోదగ్గది కొంచెమైనా లేదా?"

గురువుగారు వంగమొక్కలకు మన్ను ఎగదోస్తూ, "నీకు భూములు కొలవడం వచ్చు కదూ? ఏటవతల తోటబంగళాలో పాత తోట జాడ వెతుకుతున్నారట. కనిపెట్టి రా," అన్నారు.

నరహరి ఆశ్రమానికి రాకముందు పన్నెండేళ్లు సర్వేయరుగా చేశాడు. ఆ విద్యలో తనంతటివాడు చుట్టుపక్కల లేడని అతని నమ్మకం. నిజం చెప్పొద్దూ, లేడు కూడా.

బంగళా వారసురాలు చంద్రమతమ్మ అతనికి ఒక గుడ్డపటం ఇచ్చింది. ఎప్పుడో ఏరు పొంగి తోటంతా ఒండ్రు కింద పడిపోతే, ముసలి తోటమాలి ఎర్రన్న చెప్పగా గుమస్తా గీసిపెట్టిన పటం అది. బావి నుంచి తూర్పుగా నలభై బారలకు తామరకుండం, దాని చుట్టూ పూలమళ్లు. బావి ఒక్కటే ఇంకా మిగిలి ఉంది. "పది రోజుల్లో జాడ దొరికితే తోటను మళ్లీ నిలబెడతాను. లేకపోతే సరుగుడు వేసుకోమని కౌలుకిచ్చేస్తాను," అందామె.

బార అంటే ఆరడుగులని నరహరికి కంఠతా వచ్చు. టేపు పట్టి, దారం లాగి, రెండువందల నలభై అడుగుల దగ్గర నిలువులోతు తవ్వించాడు. ఒండ్రు తప్ప ఏమీ లేదు. పటానిదే తప్పన్నాడు. తొమ్మిది రోజులు అదే గుంట చుట్టూ తవ్వించాడు.

ఆ తొమ్మిది రోజులూ కంచె అవతల ఒక ముసలామె నిలబడి చూస్తూనే ఉంది. ఎర్రన్న మనవరాలు పైడితల్లి. మా తాత తోట ఇంతా అంతా కాదని ఆమె చెబుతుంటే ఊరంతా ఏళ్లుగా నవ్వుతోంది. ఆమెను అడిగి చూడమని కూలీలు రెండుసార్లు చెప్పారు. పటం చేతిలో ఉండగా అడగడమేమిటని నరహరి వినలేదు. అతను అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు.

పదోనాడు పొద్దున్నే సరుగుడుకి నేల దున్నే ట్రాక్టరు వచ్చి గేటు దగ్గర ఆగింది. కంచె అవతల పైడితల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అది చూశాక గానీ నరహరికి తట్టలేదు. తన పరువు పోతుందని తను బాధపడుతున్నాడు, అక్కడ ఆమె తాత పోతున్నాడు. దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"అమ్మా, నాకు చేతకాలేదు. నీకేమైనా తెలుసా?"

"ఇన్నాళ్లకి అడిగినావు!" పైడితల్లి కళ్లు తుడుచుకుంది. "ఎవుడి బార ఏసి కొలిసినావు?"

"ఎవరిదేమిటి? బారంటే ఆరడుగులు కదా."

"మా తాత ఆరడుగుల మనిసి కాడు బాబూ. అయిదడుగులోడు, బారా అంతే. తోటంతా తన సేతుల్తోనే కొలిసి కట్టినాడు. మా పెద్దది పుట్టిన ఏడు నన్ను ఎదట నిలబెట్టి ఏలికి ఏలు ఆనించి సూసినాడు. సరిగ్గా సరిపోనాది. 'నా బార నీకొచ్చిందే' అని ఊరంతా సెప్పుకున్నాడు."

ఆమె కంచె దాటి, తన ఇంట్లోకి నడిచినట్టు నడిచింది. బావి గట్టుకు ఒక వేలు ఆనించి రెండు చేతులూ బార్లా చాచింది. నరహరి టేపు పక్కన పడేసి, ఆమె రెండో చేతి వేలి కింద మేకు పాతాడు. మళ్లీ చాచింది, మళ్లీ పాతాడు. చంద్రమతమ్మ అరుగు దిగి వచ్చింది. ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"కూర్చో అమ్మా, కాసేపు," అన్నాడు నరహరి ముప్ఫయ్యో బార దగ్గర.

"నడుం ఒంగినాది గానీ సేతులొంగలేదు. పాతు."

నలభయ్యో మేకు గుంటకు ఇవతల, సరిగ్గా నలభై అడుగుల దూరంలో పడింది. అక్కడ మోకాలిలోతు తవ్వగానే పలుగు ఖంగుమంది. చేతులతో మన్ను తోశారు. తామరరేకులా వంపు తిరిగిన సున్నపు గట్టు, దాని పక్కన మరో రేకు.

పైడితల్లి నడుం మీద చేతులు పెట్టుకుని, డ్రైవరు నుంచి చంద్రమతమ్మ దాకా అందరినీ ఒక్కసారి కలియజూసింది. "మా తాత తోట!" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నరహరి తిరిగొచ్చి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. గురువుగారు విని, "నువ్వు తవ్వించిన ఆ గుంట పూడ్చి వచ్చావా?" అని అడిగారు.

"లేదండీ. రేపు వెళ్లి పూడ్చేస్తాను."

"పూడ్చకు. అందులో ఏ మొక్క బాగుంటుందో పైడితల్లిని అడిగి, అదే నాటు," అన్నారు పరాంకుశంగారు. "నీ ప్రశ్న సంగతి అది పూశాక చూద్దాం."