నందిసేనుడు కప్పిన వల

నందిసేనుడికి ధ్యానం కుదరకుండా పోయింది.

దక్షిణ సముద్రంలోని ఒక దీవిలో, ఎప్పుడూ మబ్బు పట్టి ఉండే కొండ మీద అతనుండే బౌద్ధ విహారం. దాని వెనక దేవదారుకు చుట్టమనదగ్గ ముసలి చెట్టొకటి ఉంది. సూదుల్లాంటి ఆకులు, ఎర్రటి కండ మీద కూర్చున్న చిన్న గింజలు. అడవులను పరిశీలించేవాళ్లు వచ్చి చూసి, "ఈ జాతి అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. లోయల్లో అంతా నరికేశారు. ఈ కొండ మీద గింజలు కాసేది ఇదొక్కటే" అని చెప్పి వెళ్లారు.

ఆనాటి నుంచి చెట్టు భారమంతా నందిసేనుడు తన మీదే వేసుకున్నాడు. చుట్టూ వెదురు కంచె కట్టాడు. పిట్టలు గింజలు తినేస్తున్నాయని కొమ్మల మీద వల కప్పాడు. భిక్షకు కూడా వెళ్లకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు.

గింజలన్నీ చెట్టు కిందే రాలాయి. మొలిచాయి. ఆ దట్టమైన నీడలో పాలిపోయి, ఒక్కొక్కటే వాలిపోయాయి.

అతను గురువు రేవతుడి దగ్గరికి పరుగెత్తాడు.

"గురువుగారూ, ఒక్క పిట్టనైనా వాలనివ్వలేదు. అయినా మొలకలన్నీ చచ్చిపోతున్నాయి. ఇంకేం చెయ్యను?"

ముసలాయన వంటింట్లోంచి కూరలు తరిగే కత్తి తెచ్చాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి, వల తాళ్లు పటపటా కోసేశాడు.

పిగిలిపిట్టలు అరుచుకుంటూ వచ్చి పడ్డాయి.

"గురువుగారూ! తినేస్తున్నాయి!"

"అవును. ఎంత సంబరంగా తింటున్నాయో చూడు."

శిష్యుడు కర్ర ఎత్తాడు. గురువు దాన్ని మెల్లగా అందుకుని, ఊతంగా ఆనుకుని నిలబడ్డాడు. ఇద్దరూ చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయారు.

అంతలో నందిసేనుడి గుండు మీద టప్పున ఏదో పడింది. వెచ్చగా ఉంది. తుడుచుకోబోయాడు.

"కదలకు!"

గురువు కళ్లు చికిలించి చూశాడు. రెట్ట మధ్యలో, కండంతా పోయి, నున్నగా మెరుస్తూ ఒక గింజ.

ఆయన పకపకా నవ్వాడు. శిష్యుడికి కోపం రాబోయి, నవ్వొచ్చింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుకు పిట్టలు ఉలిక్కిపడి, ఎదుటి గుట్ట వైపు ఎగిరిపోయాయి. నిరుడు కొండచరియ విరిగిపడి, అక్కడి నేలంతా బోసిగా, వెలుతురుకు తెరుచుకుని ఉంది.

నందిసేనుడు కళ్లు తుడుచుకుని, తల కడుక్కోవడానికి నీళ్ల తొట్టి వైపు కదిలాడు.

"ఇక్కడ కాదు నాయనా," అన్నాడు గురువు. "ఆ గుట్ట మీదికి వెళ్లి కడుక్కో."