గోడ మీద అప్పలకొండ చెయ్యి

అనగనగా, పిల్లులు కూడా ఇంటికప్పుల మీద సొరతీగల్ని తప్పుకుని నడిచే ఒక ఊళ్ళో పోలమ్మ ఉండేది. నోరా అది? పొయ్యిలో నిప్పు! ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే పోలమ్మని పిలుస్తాను.

ఆవిడ మొగుడు అప్పలకొండ. ఏటా సొరగింజల్ని బూడిద కలిపిన పేడముద్దలో గుచ్చి, పెరటిగోడకి అరచేత్తో ఛప్పున కొట్టేవాడు. పిడకలో ఉంటే గింజకి పురుగు పట్టదు. తొలకరికి పిడక విరిచి పాతుకోవడమే. ఆ ఏడూ కొట్టాడు. తొలకరి రాకముందే పోయాడు.

పోలమ్మకి ఏడుపు రాలేదర్రా, కోపం వచ్చింది! పలకరించడానికి వచ్చినాయన, వయసైపోయింది కదా పోలమ్మా అన్నాడట. వయసైతే పోవాలా? మరి ఆయనకన్నా పెద్దవాడివి, నువ్వింకా ఇక్కడ కూర్చున్నావేం అని అడిగేసింది. పాపం, కండువా మర్చిపోయి పరుగు!

వానలు పడ్డాయి. ఊరంతా పాదులు పెట్టారు. పోలమ్మ పెరట్లో మాత్రం ఉత్త మట్టే. ఎందుకూ? ఆ పిడక మీద అప్పలకొండ అయిదువేళ్ళూ అచ్చుపడి ఉన్నాయి. విరిస్తే ఆ చెయ్యి పోతుంది. తిండి మానేసి పొద్దస్తమానం దాని ముందే కూర్చునేది. అదును దాటిపోతోంది, గింజలు చెడతాయి అత్తా అని కోడలు పైడమ్మ అంటే, "ముట్టుకున్నావో, చూడు!" అని కయ్యిమంది.

పైడమ్మ తక్కువదా? ఒక పొద్దున్న మెల్లిగా, "అత్తా, మావ నా కల్లోకొచ్చాడు. సొరకాయ పులుసేదీ అని ఒకటే గొడవ" అంది.

"నీ కల్లోకా? కట్టుకున్నదాన్ని నేనుండగా నీ కల్లోకా?"

పోలమ్మ చేతిలో చీపురు పారేసి గోడ దగ్గరికి లంఘించింది. సొరపందిరి సగంలో వదిలేసి పోతావా, చెప్పకుండా పోతావా, పైగా పులుసు కావాలా అంటూ పిడకతోనే తగువు! పార పెట్టి ఒక్క పోటు. పిడక కిందపడి, బొటనవేలొకవైపు, నాలుగువేళ్ళొకవైపు విరిగింది. నడుమ నిండా గింజలు.

అప్పుడు ఏడ్చిందర్రా. ఏడుస్తూనే పాతింది.

రోజూ చెంబుడు నీళ్ళు, చెంబుడు తిట్లు. తిట్లు తిని మొలక లేచింది, మొలక సాగి తీగైంది, తీగ పోయి పందిరెక్కింది, పందిరి దాటి కప్పెక్కింది, కప్పు మీంచి కాయలు దిగాయి. పోలమ్మకి ఆకలేసింది.

పులుసు వడ్డిస్తూ పైడమ్మ, మావ కల్లోకి రాలేదత్తా, అబద్ధమాడానని నసిగింది.

పోలమ్మ ముక్క జుర్రుకుని, "తెలుసులేవే. ఆ మనిషి జన్మలో సొరకాయ నోట పెట్టలేదు. నాకిష్టమని పెంచేవాడు" అంది.

కాయలు ముదిరాక, గోడ మీద పాత మరక మీదే కొత్త పిడక కొట్టింది. ఈసారి తన అయిదువేళ్ళతో.

కాబట్టి పిల్లలూ, కోపమొస్తే రానివ్వండి, చేతిలో నీళ్ళచెంబుంటే చాలు. కథ కంచికి పోతూ పోతూ మన పెరట్లో సొరకాయొకటి కోసుకుపోయింది. మిగిలినవి రేపు మనకే. మొహాలలా పెట్టకుండా పడుకోండి!