ఎండ్రకాయ రాతి సందులో వదిలిన డెక్క

ఒకప్పుడు ఎండ్రకాయకు పది కాళ్లుంటే, బతికినన్నాళ్లూ ఆ పదే. ఎనిమిది నడవడానికి, రెండు పట్టుకోవడానికి. పట్టకారుల్లాంటి ఆ రెండు పెద్ద కాళ్లనే డెక్కలంటారు. పదింటిలో ఏది పోయినా పోయినట్టే. మళ్లీ మొలిచేది కాదు. అందుకే ఆ రోజుల్లో ఎండ్రకాయలు పడుకోబోయే ముందు కాళ్లు లెక్కపెట్టుకునేవి.

అదిగో, ఆ రోజుల్లోనే కొండల మధ్య ఒక పెద్ద సరస్సు ఉండేది. దాని ఒడ్డున నూకాలు అనే పడుచు ఉండేది. తన పడవను తనే కట్టుకుంది. మొదట్లో ఆమెకు ఉన్నవి నాలుగే: ఒక చిన్న పడవ, ఒక తెరచాప, ఒక వల, పదిహేను బారల తాడు. రెండు చేతులూ చాపితే ఎంత పొడవో అంత ఒక బార.

లేనిదల్లా లంగరు.

ఆ సరస్సు అడుగంతా నల్లరాళ్లు. చేపలన్నీ ఆ రాళ్ల మధ్యే. నూకాలు అక్కడ పడవ ఆపి వల వేద్దామనుకునేసరికి కొండగాలి వచ్చి పడవను ఒడ్డు రాళ్ల మీదికి నెట్టేది. అప్పటికే రెండుసార్లు చెక్క పగిలింది. మూడోసారి పగిలితే అతకడానికి ఆమె దగ్గర చెక్క లేదు.

ఒక బండరాయికి తాడు కట్టి వేసి చూసింది. దొర్లుకుంటూ పోయింది.

"రాయి మీద రాయి ఎలా నిలుస్తుందే!" అని సరస్సు నవ్వింది.

నూకాలు నీళ్ల మీదికి వంగి కేకేసింది. "నా పడవను పట్టుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాలుగు చేపలు పడితే ఒకటి మీదే!"

ముందు తాబేలు వచ్చింది. "నాకంటే బరువైనవాళ్లు ఈ నీళ్లలో ఎవరున్నారమ్మా? కట్టు తాడు!"

కట్టింది. తాబేలు దిగింది. పడవ మాత్రం ఆగలేదు. అడుగున గరగరమని చప్పుడు.

"తాతా, ఆగావా?"

"ఎక్కడ ఆగుతానే! ఊరంతా తిరిగి చూస్తున్నాను! నా డొప్ప అరిగిపోతోంది, పైకి లాగు!"

తర్వాత జెల్ల చేప మీసాలు తిప్పుకుంటూ వచ్చింది. "నేను బురదలో ముక్కు దూర్చానంటే ఏనుగు లాగినా రాను." అని దిగింది. మరుక్షణం బొప్పి కట్టిన ముక్కుతో తేలింది. "బురద ఏదే కోడలా? అంతా రాయే!"

అప్పుడు పడవ పక్కనే రాతి మీద కూర్చున్న ఎండ్రకాయ, నూకాలుతో అక్క వరస కలిపి మెల్లగా అంది. "అప్పా, ఇక్కడ బరువు పనికిరాదు, బురదలో దూరే ముక్కూ పనికిరాదు. రాయికీ రాయికీ మధ్య సందులున్నాయి. సందులో కొక్కెంలా తగులుకోవాలి."

తాబేలు పకపకా నవ్వింది. "నువ్వా? గుప్పెడు లేవు, నువ్వు పడవను ఆపుతావా?"

"తూచి చూడకు తాతా, లాగి చూడు," అంది ఎండ్రకాయ.

నూకాలు దాని నడుముకు తాడు కట్టింది. ఎండ్రకాయ దిగి, ఒక సందు చూసుకుని డెక్క దూర్చి బిగించింది. కొండగాలి వచ్చింది. బుగ్గలు పూరించి ఊదింది. పడవ గుంజకు కట్టిన దూడలా అక్కడక్కడే తిరిగింది.

ఆ సాయంత్రం ఎండ్రకాయ లెక్క చెప్పింది. "లోతు మూడు బారలు. నీ తాడు పదిహేను. ఐదింతలన్నమాట. తాడు పొడవుగా వాలి ఉంటే గాలి నన్ను పక్కకు లాగుతుంది, పట్టు బిగుస్తుంది. తాడు చాలకపోతే పైకి లాగుతుంది, డెక్క మెలిపడుతుంది. ఐదింతలకు తగ్గకు అప్పా."

"తగ్గను తమ్ముడూ. ఇంటికి పోయేటప్పుడు తాడు రెండుసార్లు లాగుతాను. నువ్వు డెక్క వదిలెయ్."

అలా ఎన్నాళ్లో గడిచాయి. తిరిగి వచ్చేటప్పుడు ఎండ్రకాయ పడవ ముక్కు మీద కూర్చుని ఎండలో ఆరేది. నూకాలు తెరచాప విప్పి పాట అందుకునేది. పాట మధ్యలో మాటలు మరిచిపోతే ఎండ్రకాయ డెక్కలతో చెక్క మీద టకటకా తాళం వేసి గుర్తుచేసేది. నాలుగింట ఒక చేప దాని ముందు పెట్టి, "లెక్క సరిపోయిందా?" అని అడిగేది ఆమె. "ఒక తోక తక్కువ," అనేది అది ప్రతిసారీ. ఇద్దరూ నవ్వేవాళ్లు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉందని సరస్సు అంటూనే ఉంటుంది.

ఒక ఏడాది ఎండలు మండిపోయాయి. చేపలు చల్లదనం కోసం లోతుకు దిగిపోయాయి. నూకాలు పడవను సరస్సు నడుమకు తీసుకుపోయింది.

ఎండ్రకాయ దిగి చూసి పైకి వచ్చింది. "అప్పా, ఇక్కడ ఐదు బారల లోతు. ఇరవై ఐదు బారల తాడు కావాలి. పది తక్కువ."

"నాలుగు రోజులుగా ఒక్క చేపా పడలేదురా. ఈ ఒక్కపూటకే."

ఎండ్రకాయ మళ్లీ నీళ్లలోకి దిగింది.

వల నిండుతుండగా కొండ వెనక నుంచి నల్లటి మబ్బు లేచింది. గాలి ఒక్క ఊపున వచ్చిపడింది. తాడు నిట్టనిలువుగా బిగిసింది. పడవ ముక్కు కిందికి వంగింది. ఒక అల లోపలికి వచ్చింది. ఇంకొకటి.

నూకాలు తాడు రెండుసార్లు లాగింది.

"రావడం లేదప్పా! డెక్క మెలిపడి సందులో ఇరుక్కుంది!" అడుగు నుంచి ఎండ్రకాయ అరిచింది. "నీ దగ్గర కత్తి ఉందిగా, తాడు కోసెయ్! పడవ మునిగిపోతుంది!"

"కోస్తే నువ్వు అక్కడే ఉండిపోతావు! తిండి లేక చస్తావు!"

"కొయ్యకపోతే నువ్వు చస్తావు! లెక్క నీకు రాదా?"

"రాదు పో!" అని నూకాలు కత్తిని నీళ్లలోకి విసిరేసింది. రెండు చేతులతో నీళ్లు తోడసాగింది. ఒక దోసిలి తోడితే మూడు దోసిళ్లు లోపలికి వస్తున్నాయి.

కింద ఎండ్రకాయ తన పది కాళ్లూ ఒకసారి లెక్కపెట్టుకుంది. పదోది రాతి సందులో ఉంది. కళ్లు మూసుకుంది. ఆ డెక్కను మొదలంటా ఫట్‌మని విరిచేసుకుంది. అంతకుముందు ఏ ఎండ్రకాయా అలాంటి పని చెయ్యలేదు.

తాడు వదులైంది. పడవ ముక్కు పైకి లేచింది. నూకాలు గబగబా తాడు చేదింది. చివర ఎండ్రకాయ ఉంది. తొమ్మిది కాళ్లే ఉన్నాయి.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. "నాదే తప్పురా. పది బారలు తక్కువని చెప్పావు."

"ఏడవకప్పా. ఇంకో డెక్క ఉంది. రేపు దాంతో పట్టుకుంటాను."

"వద్దు. ఇక నిన్ను ఎప్పుడూ కట్టను."

ఇదంతా చూసిన సరస్సు గొంతు సవరించుకుంది. "నీ డెక్క నా రాళ్లలో ఉండిపోయింది. ఊరికే ఉంచుకోనులే. నా నీళ్లలో కొన్నాళ్లు రాయి చాటున దాక్కో. ఇంకోటి మొలుస్తుంది. మొదట చింతగింజంత ఉంటుంది, మెత్తగా ఉంటుంది. తొందరపడకు."

ఎండ్రకాయ రాయి చాటుకు పోయింది. నూకాలు కమ్మరి దగ్గరికి పోయి, పోయిన డెక్క ఎలా వంగి ఉండేదో బొగ్గుతో గీసి చూపించింది. కమ్మరి అలాంటివే నాలుగు వంపు కొక్కేలు ఇనుముతో చేసి ఒక కాడకు అతికాడు. ఇరుక్కుంటే వెనక నుంచి లాగి ఊడదీయడానికి, కాడ అడుగున ఇంకో సన్న తాడు ఆమే కట్టుకుంది. పెద్ద తాడును ఇరవై ఐదు బారలు చేసింది. ఇనుప లంగరు బాగా పట్టింది. కానీ పాట మధ్యలో మాటలు మరిచిపోతే తాళం వేసేవాళ్లు పడవ ముక్కు మీద లేరు.

అప్పటినుంచే ఎండ్రకాయ కాలు రాతి సందులో ఇరుక్కుంటే, దాన్ని అక్కడే విరిచి వదిలేసి పోతుంది. పోయినచోట చింతగింజంత కొత్త కాలు మొలుస్తుంది. అందుకే చాలా ఎండ్రకాయలకు ఒక డెక్క పెద్దది, ఒకటి చిన్నది. అది గట్టిపడేదాకా రాయి చాటున దాక్కుని, పై నుంచి వచ్చే చప్పుళ్లు వింటూ ఉంటాయి.

ఒకరోజు మన ఎండ్రకాయ అలాగే వింటోంది. పైన తెరచాప రెపరెపలాడింది. ఇనుప లంగరు దిగి, పక్క సందులో తగులుకుంది. తర్వాత ఆ తాడు కదిలింది.

ఒకసారి. రెండుసార్లు.

ఎండ్రకాయ కాళ్లు లెక్కపెట్టుకుంది. పది. కొత్త డెక్కను రాతికేసి టకటకా కొట్టి చూసుకుంది. రాయి చాటు నుంచి బయటికి, నూకాలు తాడు వైపు ఒక కాలు వేసింది.