కడబంతి జున్ను

పురుషోత్తం సార్ దగ్గరికి ప్రశ్నతో వెళ్లినవాళ్లెవరూ అదే రోజు జవాబుతో ఇంటికి రాలేదు. అది ఆయన అలవాటు. కరెంటు శాఖ శిక్షణ కేంద్రంలో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి. స్తంభాలెక్కే లైన్‌మెన్ దగ్గర నుంచి గదుల్లో కూర్చునే ఇంజనీర్ల దాకా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఎవరైనా ఏదైనా అడిగితే, వాళ్లకు ఏదో ఒక పని పురమాయించేవారు. పని అయ్యాక, "ఇప్పుడు నీ ప్రశ్నేమిటో మళ్లీ చెప్పు" అనేవారు. సగం మందికి చెప్పడానికి ప్రశ్న మిగిలేది కాదు. రిటైరై సొంతూరు గుండ్లవాగులో రెండెకరాలు, ఒక బోరు, ఒక బర్రె పెట్టుకుని బతుకుతున్నా ఆ గుణం మాత్రం పోలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్న మంజీర, ఆ ఊరు తన కిందికే వచ్చే అసిస్టెంట్ ఇంజనీర్ ఉద్యోగంలో చేరినప్పుడు, గురువుగారి ఊరని సంతోషించింది. ఆరు నెలలు తిరిగేసరికి ఆ సంతోషం కాస్తా దిగులైంది. ఒక ఎండపూట స్కూటీని ఆయన బోరు దగ్గర ఆపి, దిగీ దిగకముందే అడిగింది.

"సార్, మనుషులను నమ్మించడం ఎట్లా?"

"ముందు హెల్మెట్ తియ్యి బిడ్డా. ముఖం కనబడకుండా ముచ్చటేం పెడతాం?" అన్నారు సార్.

ఆమె హెల్మెట్ తీసి గట్టు మీద కూర్చుంది. కడుపులో ఉన్నదంతా చెప్పుకొచ్చింది.

దేశంలో ఎక్కడెక్కడి తీగలనూ ఒక్క వలగా అల్లారు. ఎడారిలో ఎండకు పుట్టిన కరెంటు ఇక్కడి వరిపొలంలో బోరును లేపే రోజులివి. ఎప్పుడు ఎక్కడ ఎంత పుడుతోందో, ఎక్కడ ఎంత వాడుతున్నారో క్షణక్షణం తెలిసేటట్టు స్మార్ట్ మీటర్లు పెట్టాలని పైన విధానం రాశారు. ఆ విధానం మెట్లు దిగి దిగి గుండ్లవాగులో ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి, ప్రయోగంగా వచ్చింది. దాని కింద ఉన్న ప్రతి మోటారుకూ మంజీర ఒక కొత్త పెట్టె బిగించింది. ఆ పెట్టె ఆ మోటారు గతీ స్థితీ ఆమె ఫోనుకు చెబుతుంది. వంతు వచ్చినప్పుడే మోటారును లేపుతుంది. ఒక జట్టు మోటార్లు నీళ్లు పెట్టుకుని ఆగాక ఇంకో జట్టు లేస్తుంది.

అయితే రైతులు తమ పాత ఆటోస్టార్టర్లు తీయలేదు. ఆటోస్టార్టరు వంతు వినదు, వరస వినదు. తీగలో కరెంటు తగిలిందా, మోటారును లేపడమే దాని పని. పొద్దున కరెంటు రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారిగా లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయి. ఈ యాసంగిలో అది అప్పటికే రెండుసార్లు కాలిపోయింది. కాలినప్పుడల్లా దాన్ని ట్రాక్టరెక్కించి పట్నం పంపాలి, అక్కడ వరసలో పెట్టాలి, అది తిరిగొచ్చేదాకా పొలాలు నోరు తెరుచుకుని ఎదురుచూడాలి.

"ఎల్లవ్వ వరి పొట్ట మీద ఉంది సార్," అంది మంజీర. ఎల్లవ్వది లైను చిట్టచివరి పొలం. "ఇంకోసారి కాలిందంటే ఆమె పంట గడ్డే. ఈసారి కాలనివ్వనని ఆమె చేయి పట్టుకుని మాటిచ్చాను. శనివారం లోపల ఆటోస్టార్టర్లు తీయించకపోతే ఈ పెట్టెలు విప్పి ఇంకో మండలానికి పట్టుకుపోతామని పైవాళ్లంటున్నారు. నిన్న మీటింగు పెడితే ఆగయ్య ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"'వడ్డించేటోడు మనోడైతే కడబంతిల కూసున్నా ఫికరు లేదంటరు మేడమ్. మరి నీ కాడ వడ్డించేటిది ఫోనాయె. దానికి మా ముఖం ఎరికేనా?' అన్నాడు. అందరూ నవ్వారు."

సార్ కూడా నవ్వబోయి ఆపుకున్నారు. అప్పుడే మంజీర కళ్లు ఆయన మోటారు పెట్టె మీద పడ్డాయి. రేకు తలుపు సగం తెరిచి ఉంది. లోపల, తాను బిగించిన కొత్త పెట్టె పక్కనే, పాత ఆటోస్టార్టరు దర్జాగా కూర్చుని ఉంది.

"మీరు కూడానా సార్?"

"ఉంది," అన్నారాయన, దాచకుండా. "అందరూ తీస్తే నేనూ తీస్తాను. ఒక్కణ్నే తీస్తే నా మడి ఎండుతుందని నాకూ భయమే."

మంజీరకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన లేచి తువ్వాలు దులుపుకున్నారు.

"మా బర్రె ఈనింది. రేపు జున్ను. ట్రాన్స్‌ఫార్మర్ కిందివాళ్లందరినీ పిలిచాను. మా ఇంటావిడ అనసూయమ్మకు నడుము పట్టేసింది. నువ్వొచ్చి వడ్డించు."

"నేను అడిగిందేమిటి సార్, మీరు చెబుతున్నదేమిటి?"

"వడ్డించడం వచ్చు కదా?"

ఇక అడిగి లాభం లేదని ఆమెకు తెలుసు.

మర్నాడు పొద్దెక్కేసరికి రైతులు వచ్చారు. పశువుల కొట్టం నీడలో చాప పరిచి, మోదుగాకు విస్తర్లు వేశారు. ఎవరూ చెప్పకుండానే పక్కపొలం వాడి పక్కన పక్కపొలం వాడు కూర్చున్నాడు. ఆ లెక్కన ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆనుకుని పొలమున్న ఆగయ్య బంతి మొదట్లో కూర్చున్నాడు. ఎల్లవ్వ చివర, కొట్టం గుంజ పక్కన ఒదిగింది. సార్ నడిమధ్యలో కూర్చున్నారు. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. బంతిలో కడ విస్తరి నిండేదాకా ఎంత పెద్దవాడైనా చెయ్యి పెట్టడు. ముందుగా చెయ్యి పెట్టినవాణ్ని ఏడాదిపాటు దెప్పుతారు.

మంజీర జున్ను గిన్నె చంకనెత్తుకుంది. బెల్లం, మిరియాల ఘాటు కలిసి కొట్టమంతా ఘుమఘుమలాడుతోంది.

"మేడమ్, గీ వడ్డన గూడ ఫోన్లనే నొక్కుతవా?" అన్నాడు ఆగయ్య.

"లేదు మామా, చేతితోనే," అని ఆమె పెద్ద ముక్క కోసి వేసింది. ఇతని మనసు గెలిస్తే సగం ఊరు గెలిచినట్టే అనుకుంది. పక్కనున్న రాజమల్లు, "నేనేం పాపం జేసిన?" అంటే అతనికీ అంతే వేసింది. ఆ పక్కతను ముక్కకేసి చూశాడే కానీ ఏమీ అనలేదు. అనకపోయినా వేసింది. మంచి చేసుకోవాలన్న ఆత్రంలో చేతికి కొలత తప్పింది. సగం బంతికి చేరేసరికి ముక్కలు సన్నబడ్డాయి. సార్ విస్తరి దాటాక ఇంకా సన్నబడ్డాయి. కడ విస్తరి దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో గరిటెకు అంటుకున్నదే మిగిలింది.

మంజీర అక్కడే నిలబడిపోయింది. గిన్నెను వంచింది. గీకింది. పిడికెడు కూడా రాలేదు.

"ఏం కాదు తియ్యి బిడ్డా," అంది ఎల్లవ్వ మెల్లగా, ఆమె మోచేతిని తట్టి. "నాకు అలవాటే."

బంతి మొదట్లోంచి ఆగయ్య మెడ సాచాడు. కడ విస్తరి నిండలేదు కాబట్టి అతని చెయ్యి ఇంకా మోకాలి మీదే ఉంది.

"గదేం మాట ఎల్లవ్వా? జున్ను రాకుంట అలవాటేంది?"

"జున్ను ముచ్చట కాదు తమ్మీ. నీళ్ల ముచ్చట."

"నీళ్లకేమైంది? నీ మోటరు రోజూ మోగుతనే ఉంటది గద. నాకు ఇనబడుతది."

"మోగుతది," అంది ఎల్లవ్వ. "ఎత్తది."

ఎల్లవ్వ ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. వానలు ఆలస్యమయ్యాయని చెప్పినట్టు చెప్పింది. "మీయన్నీ లేసినంక నా కాడికొచ్చే కరెంటుకు సత్తువుండదు. మోటరు మూలుగుతది. పైపు నోట్ల చెయ్యి పెడితే తడి గూడ తగలదు. మీయి ఆగినంక గంతో గింతో వస్తది. దాంతోనే నెట్టుకొస్తున్న."

"మరి చెప్పొద్దా?" అన్నాడు రాజమల్లు.

"ఎవలికి జెప్పాలె? మీయన్ని మంచిగనే నడుస్తుండె. మీరేం జేసిన్రని జెప్పాలె?"

మంజీర గిన్నె కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను తీసింది. ఎల్లవ్వ మోటారు దగ్గరి కరెంటు బలం అందులో గీతగా కనబడుతుంది. ఆ గీత రోజూ పొద్దున, అన్నీ లేచిన ఆ నిమిషాన, బావిలో చేద జారినట్టు జారిపోతుంది. ఆమె దాన్ని నెలల తరబడి చూస్తూనే ఉంది. చూసి పై ఆఫీసుకు పంపుతూనే ఉంది. ఈ రైతుల్లో ఒక్కరికి చూపాలని ఏనాడూ తోచలేదు. వెళ్లి ఆగయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుని ఫోను చూపింది.

"ఈ గీత ఏంది?"

"ఎల్లవ్వ మోటారు మామా. ఇదిగో, ఇక్కడ కరెంటొచ్చింది. ఇదిగో, ఇక్కడ మీ అందరివీ లేచాయి."

ఆగయ్య ఫోనును దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. పక్కకు ఇచ్చాడు. ఫోను చేతులు మారుకుంటూ బంతి పొడుగునా నడిచింది. అది తన దగ్గరికి వచ్చినప్పుడు సార్ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

అప్పుడు ఆగయ్య లేచాడు. తన విస్తరి రెండు చేతులా పట్టుకుని బంతి చివరికి వచ్చాడు. "ముట్టలే. ఎంగిలి కాదు," అని సగానికి పైగా ఎల్లవ్వ ఆకులోకి జార్చాడు. అతని వెనక రాజమల్లు వచ్చాడు. ఆ వెనక మరొకరు. తలా ఇంత వేస్తుంటే ఎల్లవ్వ ముందు జున్ను కుప్పయింది.

"గింతనా? నన్నేమన్న బాలింతననుకున్నరా?" అంది ఎల్లవ్వ నవ్వుతూ, కళ్లొత్తుకుంటూ. ఒక ముక్క తీసి మంజీర చేతిలో పెట్టింది. "ముందు నువ్వు తిను. వడ్డించినోళ్లను ఎవలూ చూడరు."

తింటూ తింటూ ఆగయ్య, "సారూ, నీ పెట్టెల గూడ ఆటోది ఉన్నది గద," అన్నాడు.

"ఉంది," అన్నారు సార్. "పొద్దుటికి ఉండదు."

"మరి నాది ఉంటదా?" అన్నాడు ఆగయ్య, ఎవరో ఉంటుందని వాదించినట్టు.

మర్నాడు పొద్దున మంజీర ఎల్లవ్వ గట్టు మీద నిలబడింది. ఎవరినీ మాట అడగలేదు, ఎవరి పెట్టెనూ తెరిచి చూడలేదు. చూడాలంటే భయమేసింది. జట్లలో మొదటిదానికి ఎల్లవ్వ మోటారును మార్చి పెట్టి, కరెంటు వేళ కోసం చెవులు రిక్కించింది. రోజూ ఆ వేళకు ఊరి చుట్టూ ఒక్క పెట్టున మోత లేస్తుంది. ఈవేళ కరెంటు వచ్చినట్టు ఫోను చెప్పింది కానీ పొలాలు చప్పుడు చేయలేదు. ఎక్కడో కొంగలు అరుస్తున్నాయి. అంతలో కాళ్ల దగ్గర ఎల్లవ్వ మోటారు కదిలింది. మూలగలేదు. గొంతు విప్పింది. పైపు రెండుసార్లు దగ్గి, నీళ్లను గట్టు అవతలికి విసిరికొట్టింది. ఎల్లవ్వ చీర కుచ్చెళ్లు తడిసినా జరగలేదు.

ఆ వెనక ఆ జట్టులోవే ఇంకో రెండు మూడు లేచాయి. ఇంతలో ఎవరో చేత్తో మీట నొక్కినట్టు, వంతు కాని మోటారు ఒకటి ఎక్కడో ఉన్నట్టుండి మోగింది. దూరంగా గట్టు మీద నుంచి ఆగయ్య గొంతు వినిపించింది.

"ఓ రాజమల్లూ, కడ విస్తరి నిండలేదురా. చెయ్యి తియ్యి."

ఆ మోటారు ఆగిపోయింది.

చాలాసేపటికి, ఎల్లవ్వ మడిలో నీళ్లు మొదళ్ల దాకా ఎక్కాక, ఆగయ్య ఒడ్డు వెంట నడిచొచ్చి నీళ్లలో కాలు పెట్టి చూశాడు. "సల్లగున్నయి," అన్నాడు. తర్వాత మంజీర వైపు తిరిగి, "ఇంక మాది ఇడువు బిడ్డా," అన్నాడు. అన్నాళ్లూ అతను ఆమెను మేడమ్ అనే పిలిచాడు.

ఆ సాయంత్రం మంజీర సార్ ఇంటికి వెళ్లింది. ఆయన దూడకు గడ్డిపరక పట్టి మచ్చిక చేసుకుంటున్నారు. ఆమె ఉండబట్టలేక అడిగింది.

"జున్ను చివరిదాకా చాలదని మీకు ముందే తెలుసా సార్?"

"లేదు బిడ్డా. చాలుతుందనే అనుకున్నా," అన్నారాయన. దూడ పరకను వదిలేసి ఆయన వేలు నాకుతోంది. "చాలలేదని కనబడింది. కనబడ్డాక ముందుగా తినడానికి ఎవరికీ చెయ్యి లేవలేదు."