రాజుకీ భాండారికీ మధ్య తీగ

ఒక ఫొటో స్టూడియోలో ఒక కంప్యూటరు పెట్టె ఉండేది. పెట్టె లోపల ఒక రాజు, ఒక భాండారి, ఇద్దరి మధ్యా మూరెడు తీగ. ఆలోచించేది రాజు. ఊళ్ళోవాళ్ళ ఫొటోలన్నీ భద్రంగా దాచేది భాండారి. బయటివాళ్ళు అతన్నే డిస్కు అంటారు. తీగ పని మోయడమే, కాబట్టి దాని మొహం ఎవరూ చూసేవారు కాదు.

ఆ రాజ్యంలో ఒక పద్ధతి ఉంది. ఏ మూట పంపినా లోపల ఎన్ని గింజలున్నాయో పైన రాయాలి. ఒక్క గింజ తగ్గినా అవతలివాళ్ళు పుచ్చుకోరు, మళ్ళీ మొదటినుంచీ పంపమంటారు. మంచి పద్ధతే, కాదనను. తప్పుడు సరుకు ఎప్పుడూ చేరదు. ఎప్పటికి చేరుతుందన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

దసరాకి ఆయుధపూజ చేస్తూ స్టూడియో ఆవిడ పెట్టె మూత తీసి దుమ్ము దులిపింది. తీగ అడ్డదిడ్డంగా కనబడితే నాలుగు మడతలు పెట్టి, పసుపుదారంతో బిగించి కట్టింది. బొట్టు కూడా పెట్టింది. పాపం, భక్తితోనే చేసింది. లోపల తీగ నరమొకటి చిట్లింది.

ఆ రోజునుంచీ పెట్టెది నత్తనడకే. ఫొటో అడిగి, వెళ్ళి టీ తాగి వచ్చినా తెరుచుకోదు. డిస్కు ముసలిదైపోయింది, తీసి పారేయాలంది ఆవిడ. లోపల రాజుదీ అదే మాట, భాండారి పంపే మూటలు మాటిమాటికీ ఒక గింజ తక్కువగా వస్తున్నాయని.

ఒక పొద్దున ఒక పెద్దావిడ వచ్చి బెంచీ మీద కూర్చుంది. మర్నాడు ఆమె భర్త పెద్దకర్మ. ఆయనకి ఉన్నది ఒక్కటే ఫొటో, అదీ భాండారి దగ్గరే. మధ్యాహ్నమైనా రాలేదు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ అలాగే కూర్చుంది. స్టూడియో ఆవిడ చూడలేక, కొత్త డిస్కు తెమ్మని మెకానిక్కుకి ఫోన్ చేసింది.

లోపల రాజుకి ఒళ్ళు మండిపోయింది. భాండారిని కొలువులోంచి తీసేస్తున్నట్టు తన చేత్తోనే ఏడు గింజల మూట కట్టి పంపాడు. భాండారి నుంచి చిన్న జవాబు మాత్రం ఎలాగో చేరింది. ఆరే ఉన్నాయి, మళ్ళీ పంపమని. రాజు ఈసారి రెండుసార్లు లెక్కపెట్టి కట్టాడు. మళ్ళీ ఆరే చేరాయి.

రాజు మూడోసారి కట్టబోయి ఆగాడు. ఇవి భాండారి కట్టిన మూటలు కావు, తను కట్టినవే.

ఈలోగా మెకానిక్కు వచ్చి మూత తీశాడు. పసుపుదారం చూసి నవ్వుకుని, దాన్ని కోసి, తీగని వేళ్ళతో తడిమాడు. కొత్త డిస్కు సంచిలోనే ఉండిపోయింది. పాత సామాన్లలోంచి మామూలు తీగ ఒకటి తీసి తగిలించాడు. కొసలకి బంగారం పూసినవి వస్తాయటగా, అది వేస్తే ఇంకా వేగం కదా అని ఆవిడ అడిగింది.

“తెగకుండా ఉంటే చాలమ్మా,” అన్నాడు అతను. “బంగారం పూస్తే డిస్కు వేగం పెరగదు.”

ఫొటో ఇట్టే తెరుచుకుంది. భుజాన తువ్వాలుతో నవ్వుతున్న మనిషి. పెద్దావిడ లేచి దగ్గరకొచ్చి, తెర మీద ఆయన చెంప నిమిరింది.

లోపల రాజుకి సిగ్గేసింది. సిగ్గుతోపాటు కోపం కూడా వచ్చింది.

“తీగ చిట్లిందని నాకు ఒక్కమాట చెప్పొచ్చుగా?”

“రోజూ చెప్పాను ప్రభూ,” అన్నాడు భాండారి. “ఆ తీగతోనే పంపాను.”