గట్టు కింద బొరియ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక గుట్ట. ఆ గుట్ట వాలు మీద ఒకదాని కింద ఒకటి రెండు పొలాలు. పైన ఉన్న రాళ్ళ పొలం ముళ్ళపంది పైడమ్మది. కింద ఉన్న నల్లమట్టి పొలం కుందేలు నూకాలుది.

నూకాలుది మంచి నేల, పిల్లలూ. కాలు పెడితే మెత్తగా దిగే నేల. ఓ మూల చిన్న ఊట చెలమ కూడా ఉంది. మండు వేసవిలోనూ అందులో దోసెడు నీళ్ళుండేవి. అయినా నూకాలు పొద్దున్నే లేచి తన పొలం చూసుకునేది కాదు. తల ఎత్తి పైపొలం చూసేది. చూసి పళ్ళు కొరికేది. కుందేలు పళ్ళు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ కొరుకుడికి ఏనాడో అరిగిపోయేవి.

ఎందుకంత కడుపుమంట అంటారా? చెబుతాను.

ఆ అడవిలో ప్రతి ఏడూ కొత్తల పండగ చేస్తారు. ఏ పొలంలో గింజ ముందు పండితే ఆ గింజతో తొలి కుండ అంబలి కాస్తారు. అందరూ తాగాక, అది పండించినవాళ్ళ పేరు గుట్ట మారుమోగేలా మూడుసార్లు పిలుస్తారు. ప్రతి ఏడూ ఒకటే పేరు.

"పైడమ్మా! పైడమ్మా! పైడమ్మా!"

ఆ పిలుపు వినలేక నూకాలు చెవులు రెండూ మడిచేసుకునేది. కుందేలు చెవులు కదా, ఎంత మడిచినా ఇంకొంచెం మిగిలేవి. ఆ మిగిలిన చెవిలోంచే వినబడేది.

ఆ అడవిలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తొలి మంచు కురిసిన పొద్దున పెద్దలు పొలాలు చూడడానికి వస్తారు. ఆనాటికి పచ్చగా లేని నేలను బీడు అంటారు. బీడు పడ్డ నేల అడవిపంది కోరలయ్య మందకి మేత నేల అయిపోతుంది. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. కోరలయ్య తాతే పెట్టాడు. కోరలయ్య తన జన్మలో ఒక్క గింజ నాటలేదు. అడవిలో సగం నేల మాత్రం ఆయనదే.

ఒక ఏడు విత్తనాల వేళ నూకాలు పైపొలం గట్టెక్కి తొంగిచూసింది. పైడమ్మ సామలు, చోళ్ళు (అదే, రాగులు), కందులు, అనుములు అన్నీ ఒకే చేటలో కలిపేసి చల్లుతోంది. నూకాలుకి నవ్వాగలేదు.

"ఇదేటి వదినా, గింజలు ఏరుకోడానికి తీరిక లేదేటి?"

పైడమ్మ ముళ్ళు దులుపుకుంది. "సామ ముందు పండుతుంది. చోడి తర్వాత. కంది చివర్న. వాన మోసం చేసినా ఏదో ఒకటి నా మాట వింటుంది. నీకూ కలిపి ఇస్తాను, పట్టుకెళ్ళు."

"నీ కలగాపులగం నాకెందుకు?" అంది నూకాలు.

కానీ సామ ముందు పండుతుందన్న ముక్క మాత్రం చెవిలో దాచుకుంది. తనకి కావలసిన ముక్కే వినడం ఈర్ష్యకి అలవాటు. పొలం పొలమంతా సామలే చల్లింది. చేను దువ్వెనతో దువ్వినట్టు ఒకే ఎత్తున లేచింది. ఒకేసారి పండింది. ఆ చక్కదనం నూకాలు కంటే ముందు పిచ్చుకలు చూశాయి. గుంపుగా దిగి ఒక్క పూటలో ఊడ్చేశాయి. అవే పిచ్చుకలు పైపొలంలోనూ దిగాయి. అక్కడ కంది కొమ్మల చాటున వాటికి కనబడని సామ కొంచెం మిగిలింది. ఆ కొంచెమే తొలి కుండకి చాలింది.

"పైడమ్మా! పైడమ్మా! పైడమ్మా!"

మరుసటేడు నూకాలు కాళ్ళతో కాక నోటితో సేద్యం చేసింది. పొద కనిపిస్తే పొద దగ్గర, పుట్ట కనిపిస్తే పుట్ట దగ్గర ఆగి చెప్పింది. "రాళ్ళలో గింజ పండడం ఎక్కడైనా చూశారా? పగలంతా పడుకుంటుంది, రాత్రయితే లేస్తుంది. చేతబడి కాక మరేటి?"

ముళ్ళపందులన్నీ పగలే పడుకుంటాయి. అయినా మాట అంటుకుంది. మగవాడి పొలం పండితే వాడి చెయ్యి మంచిదంటారు, ఆడదాని పొలం పండితే చేతబడి అంటారు. ఇది ఆ అడవిలో సంగతే, మీరు వేరే ఊళ్ళకి అన్వయించకండి.

పండగనాడు అందరూ కాసేపు మొహాలు తిప్పుకున్నారు. తర్వాత అంబలి వాసన వచ్చింది. "చేతబడి అంబలైతే ఏటి, చల్లగా ఉంది. ఇంకో దొప్పెడు పొయ్యండి" అంది ముసలి తాబేలు. ఆపైన మూడు పిలుపులూ మామూలే.

ఆ సాయంత్రమే కోరలయ్య నూకాలు గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. అంత పెద్దాయన తన బొరియ దాకా రావడమే నూకాలుకి పండగలా తోచింది.

"నూకాలమ్మా, నీ కష్టం చూడలేక వచ్చాను. మొగదిక్కు లేని ముళ్ళపందికి రాళ్ళలో అంత పంటా? ఆ గట్టు చూశావా? వాననీళ్ళన్నీ ఆపి అదే తాగేస్తోంది. ఆ నీళ్ళు కిందికి రావాలి. అంటే ఎవరికి రావాలి?"

"నాకు" అంది నూకాలు.

"నేనేం చెప్పలేదు సుమా" అన్నాడు కోరలయ్య.

మొగదిక్కు నూకాలుకి కూడా లేదు. ఆ సంగతి ఆ క్షణాన నూకాలుకి గుర్తు రాలేదు. కోరలయ్యకి మాత్రం బాగా గుర్తుంది.

ఇక నూకాలుకి తిండి సయించలేదు. తన చేను గాలికి ఊగినా, పైచేను ఇంకా బాగా ఊగుతున్నట్టు ఉండేది. పైడమ్మ దగ్గినా తనని చూసి నవ్వినట్టే ఉండేది. వానాకాలం నడిమధ్యకి వచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం, పైడమ్మ గాఢనిద్రలో ఉన్న వేళ, నూకాలు గట్టు దగ్గరికి వెళ్ళింది. రాయి మీద రాయి పేర్చి, మధ్యలో మట్టి కూరి కట్టిన గట్టు అది. దాన్ని కూలదొయ్యడం కుందేలు వల్ల కాదు. కానీ కుందేలుకి బొరియ తవ్వడం ఎవరూ నేర్పక్కర్లేదు. గట్టు అడుగున ఒక బొరియ తవ్వింది, ఈ పక్క నుంచి ఆ పక్కకి. మిగతా పని వానకి వదిలేసి ఇంటికొచ్చి హాయిగా పడుకుంది.

పెద్ద వాన పడింది. నీరు బొరియలో దూరింది. బొరియ గండి అయింది. గట్టు తెగింది.

తెల్లారి నూకాలు బయటికి వచ్చి, మొదటిసారి, పైకి చూడడం మర్చిపోయింది. తన పొలం కనబడలేదు. పైనుంచి కొట్టుకొచ్చిన ఇసుక, గులకరాళ్ళు నల్లమట్టిని కప్పేసి మేట వేశాయి. చోడి మొక్కల కొనలు కూడా పైకి లేవు. చెలమ పూడిపోయింది. కాళ్ళతో గీకి చూసింది. లోపల చెమ్మ కూడా తగల్లేదు.

అప్పటికే కోరలయ్య పిల్లల్ని వెంటేసుకుని పొలం ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తున్నాడు. "చూశారా నాయనలారా, ఇక్కడ దొర్లొచ్చు. అక్కడ తవ్వొచ్చు."

"మీరే కదా చెప్పారు, ఆ నీళ్ళు నావని!" అంది నూకాలు.

"నీళ్ళన్నాను. తవ్వమన్నానా?" అన్నాడు కోరలయ్య. "తొలి మంచు నాటికి వస్తాం. బొరియ ఖాళీ చేసి పెట్టుకో."

నూకాలు ఇసుకలో కూలబడింది. కాసేపటికి ముళ్ళ గలగల వినబడింది. పైడమ్మ దిగివస్తోంది. సగం చేను ఆమెదీ పోయింది. వచ్చి ఎదురుగా నిలబడింది.

"గట్టు కింద బొరియ తవ్వాలంటే ఎలకైనా కావాలి, కుందేలైనా కావాలి" అంది. "ఎలకకి నా మీద అంత కోపం లేదు."

నూకాలు పూడిపోయిన చెలమ వైపు తల తిప్పుకుంది.

"నీ చెలమలో నీళ్ళు ఎక్కడివనుకున్నావే? నా గట్టు ఆపిన వానే నేలలోకి ఇంకి, నీ మూలన ఊరేది. ఏనాడూ పైకి చూసి ఏడవడమే గానీ, కాళ్ళ కింద చూశావా?"

"వదినా..." అంది నూకాలు.

"వదినా లేదు, గిదినా లేదు. నీ ముళ్ళు లేని ఒంటిని పొడిచే పని నా ముళ్ళకి తెలుసు. కానీ ఇవాళ పొడిస్తే రేపు కోరలయ్యకి దొర్లడానికి రెండు పొలాలు దొరుకుతాయి. లే. నీ పొలంలో పడ్డవి నా రాళ్ళు. పైకి మొయ్యి."

నూకాలు మోసింది. చిన్నరాళ్ళు దొర్లించింది, పెద్దరాళ్ళకి వీపు ఆనించింది. పైడమ్మ పేర్చింది. గట్టు మళ్ళీ లేచింది. అప్పుడు పైడమ్మ తన కొట్టులోంచి ఒక దొప్ప తెచ్చింది. అందులో ఉలవలు.

"ఆలస్యంగా చల్లేది ఇదొక్కటే. ఇసుకైనా, గులకైనా, మంచు తడి తాగి బతుకుతుంది. సగం నీకు, సగం నాకు."

ఈసారి నూకాలు కలగాపులగం అనలేదు. రెండు కాళ్ళూ చాచి తీసుకుంది.

తొలి మంచు కురిసింది. పెద్దలు వచ్చారు. ముందు తాబేలు, వెనక కోరలయ్య, ఆయన వెనక మంద. రెండు పొలాలూ ఉలవ తీగలతో పచ్చగా పరుచుకుని ఉన్నాయి.

"ఇదీ ఒక పంటేనా? గడ్డి!" అన్నాడు కోరలయ్య.

తాబేలు ఒక తీగ నమిలింది. ఇంకొకటి కూడా నమిలింది. "ఉలవే" అంది.

కోరలయ్య చుట్టూ చూశాడు. ఆయన కన్ను గట్టు మీద పడింది. "సరే, పొలాలు వాళ్ళవి. మరి ఆ గట్టు ఎవరిది? ఎవరిదీ కాకపోతే అది బీడే. బీడైతే నాదే."

పైడమ్మ నోరు తెరిచేలోపు నూకాలు గట్టిగా అరిచింది. "మాది!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని నూకాలే ఉలిక్కిపడింది. పైడమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని ఆమె పక్కన వచ్చి నిలబడింది. కోరలయ్యకి అకస్మాత్తుగా ఇంట్లో పని గుర్తొచ్చింది.

దాంతో నూకాలు మనసు కడిగిన ముత్యమైపోయిందని చెబితే మీరు నమ్మరు, నేనూ చెప్పను. మరుసటేటి పండగలోనూ పైడమ్మ పేరే పిలిచారు. నూకాలు ఒక చెవి మడుచుకుంది. రెండోది మాత్రం నిలబెట్టే ఉంచింది. పొద్దున్నే లేచి ఇప్పటికీ పైపొలం వైపే చూస్తుంది. గట్టులో ఎక్కడైనా రాయి కదిలిందేమోనని.

నీతి: పైవాళ్ళ గట్టు తెగితే మేట వేసేది మన పొలంలోనే. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఎవరైనా మంట రాజేస్తుంటే, ఆ మంటకి చలి కాచుకునేది ఎవరో ముందు చూడండి.